ఎటు తప్పింది?

జనవరి 4

ఈ ఏడాది డైరీ అచ్చు బాగోలేదు. పేజీ మధ్యకి వచ్చేసరికి గీతలన్నీ లోపలికి వంగాయి. అంత మంచి అట్ట వేసి లోపల ఇంత అశ్రద్ధ. తిరిగిచ్చేయాలి.

టైలరమ్మ ఇవాళ ఇరవై ఐదు పిట్టలకి ఇరవై రెండు కొట్టింది. పోయిన మూడూ నాలుగో స్టేషనులోనే, మేం వరసగా నిలబడి కాల్చే చోట్లలో నాలుగోది. అక్కడ పిట్ట ఒక పక్క గూడు నుంచి లేచి కళ్ళ ముందు అడ్డంగా కోసుకుంటూ పోతుంది. అది ఉన్న చోట కాలిస్తే లాభం లేదు, అది చేరబోయే చోట కాల్చాలి. రెండు మూరలు ముందు. కొలిచి కాదు, ఊపులో.

ఐదేళ్ళ కిందట మా షూటింగ్ కోట్ల భుజాలకి తోలు అతుకులు వేయడానికి వచ్చిన మనిషి. "ఒక్కసారి నన్నూ కాల్చనిస్తారా సార్?" అంది. మూడో పిట్ట పగిలింది. అప్పట్నుంచి నేను నేర్పిందల్లా ఒక్కటే: చూపు పిట్ట మీద ఉండాలి, తుపాకీ గొట్టం మీద కాదు. గొట్టాన్ని చూస్తే చెయ్యి ఆగుతుంది. చెయ్యి ఆగితే గుళ్ళు పిట్టకి వెనక పోతాయి.

మార్చి 16న జట్టు ఎంపిక. ఆడవాళ్ళలో ముగ్గురిని తీసుకుంటారు. ఆమెకిది మూడోసారి. ఈసారి కూడా తప్పితే కమిటీవాళ్ళు ఆమె చేతిలో ఉన్న క్లబ్బు తుపాకీని వేరొకరికి ఇచ్చేస్తారు. ఈసారి తప్పదు. నేనున్నాను.

జనవరి 9

సందు చివర ఎవరో చెయ్యి ఊపారు. మర్యాదకి నేనూ ఊపాను. దగ్గరికొస్తే మా బావమరిది. "ఏంటి బావా, దారిన పోయేవాడికి ఊపినట్టు ఊపావు?" అన్నాడు. తర్వాత మామూలే, "ఇంకా పిట్టల్ని చంపుతూనే ఉన్నావా?" ముప్పై ఏళ్ళుగా చెబుతున్నాను, అవి మట్టి బిళ్ళలు, మెషిన్ విసురుతుంది, పిట్ట అనేది మా వాడుక అని. వాడికి ఎక్కదు.

మీసం తీసేసినట్టున్నాడు. అందుకే పోల్చుకోలేకపోయాను.

(తీయలేదట. మా ఆవిడ చెప్పింది.)

జనవరి 13

ఇరవై ఒకటి. నాలుగో స్టేషనులో మళ్ళీ రెండు పోయాయి.

కాల్చేవాళ్ళకి తప్పిందని తెలుస్తుంది కానీ ఎటు తప్పిందో తెలియదు. భుజం వెనక నిలబడినవాడికే గాలిలో గుళ్ళ గుంపు పొగమరకలా ఒక్క క్షణం కనబడుతుంది. కోచ్ ఉద్యోగమంటే అదే. టైలరమ్మ తప్పిన ప్రతిసారీ తల తిప్పి, "ఎక్కడ సార్?" అంటుంది. నేను చెబుతాను. ఐదేళ్ళుగా అదే.

ఇవాళ మంచు పట్టి ఉంది. గుంపు సరిగ్గా ఆనలేదు. "వెనక" అన్నాను. నూటికి తొంభై వెనకే పోతాయి. ఎవరినైనా అడగండి.

జనవరి 14

మంచు. ఎవరికీ ఏమీ కనబడే రోజు కాదు.

జనవరి 20

పందొమ్మిది.

"వెనకేనా సార్? నేను బాగా ముందు పెట్టాననుకున్నా."

"వెనకే. ఇంకాస్త ముందుకి పో."

మెషిన్ బాబాయి గొంతు సవరించుకున్నాడు. మెషిన్లు బాగుచేసేదీ, ఆమె 'పుల్' అనగానే బటన్ నొక్కి పిట్టని వదిలేదీ అతనే. నాకంటే చిన్నవాడైనా షూటింగ్ రేంజిలో అందరికీ బాబాయే. ఇరవై ఏళ్ళుగా మా వెనకే ఆ పెట్టె పట్టుకుని నిలబడుతున్నాడు. "ఏమో సార్, ముందు పోయినట్టు అనిపించింది నాకు," అన్నాడు.

"అనిపించడం వేరు, కనబడటం వేరు బాబాయ్," అన్నాను. టైలరమ్మ నవ్వింది. బాబాయి నవ్వలేదు.

జనవరి 27

పద్ధెనిమిది.

జనవరి 29

డైరీ తిరిగివ్వడానికి షాపుకి వెళ్ళాను. షాపతను పేజీ తిరగేసి, గీత మీద స్కేలు పెట్టాడు. "తిన్నగానే ఉంది కదండీ."

స్కేలు కూడా మధ్యలో వంగే ఉంది. ఆ మాట అనబోయి ఆగిపోయాను. వేరే పెన్ను ఒకటి కొనుక్కుని వచ్చేశాను, లావుగా రాసేది.

కళ్ళజోడు మార్చాలి. మూడేళ్ళయింది మార్చి.

ఫిబ్రవరి 3

"ఎవరిమీదో అలిగినట్టు పేపరు పక్కకి పెట్టుకుని చదువుతారేమిటి ఈమధ్య?" అంది మా ఆవిడ.

వెలుతురు అటు నుంచి వస్తోందన్నాను. ఆవిడ ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పి రిటైరయిన మనిషి. తప్పు జవాబు చెబితే ఊరుకోదు. కుర్చీ లాక్కొచ్చి ఎదురుగా కూర్చుని, తన అరచేత్తో నా ఎడమ కన్ను మూసింది. "నన్ను చూడండి."

చూశాను. జుట్టు ఉంది. చెవులున్నాయి. చెవులకి పోగులున్నాయి. మధ్యలో ముఖం ఉండాల్సిన చోట తడి వేలితో చెరిపేసినట్టు ఉంది.

"ఏం కనబడుతోంది?"

"నువ్వే," అన్నాను.

అబద్ధం కాదు.

ఫిబ్రవరి 8

రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

పదిహేను. ఐదేళ్ళ కిందట, తుపాకీ పట్టుకున్న మొదటి ఏడాదిలో కొట్టిన సంఖ్య. ఆమె ఊపు మొత్తం పోయింది. పిట్ట లేస్తుంది, గొట్టం దాని ముందుకి పోతుంది, అక్కడ ఆగుతుంది, దూరం కొలుచుకుంటుంది, అప్పుడు పేలుతుంది. చెంప తుపాకీ కట్టె మీద నుంచి లేచిపోతోంది. ఇవన్నీ నాకు తెలుస్తూనే ఉన్నాయి. మనిషి దగ్గరగా ఉంటుంది, పక్క చూపుకి అందుతుంది. పిట్ట అందడం లేదు.

నాలుగో స్టేషనులో వరసగా మూడు పోయాక తుపాకీ గొట్టాలు కిందికి విరిచి చేతి మీద వేసుకుని నా వైపు తిరిగింది.

"ఎక్కడ సార్?"

"వెనక."

"ఇంకెంత ముందు పెట్టమంటారు? ఇప్పటికే బారెడు పెట్టాను. ఇంకా ముందంటే పిట్ట బయల్దేరకముందే కాల్చాలి నేను."

"చెయ్యి ఆపుతున్నావు. అందుకే వెనక."

అప్పుడు బాబాయి చేతిలో పెట్టె కింద పెట్టేశాడు. "వెనక కాదు సార్. గుళ్ళు పిట్టని దాటి ముందుకి పోతున్నాయి. మూడు వారాలుగా చూస్తున్నా. నాకే కనబడుతుంటే మీకెందుకు కనబడట్లేదు?"

అతని గొంతులో కోపం లేదు. నిజంగానే అడిగాడు. దానికి నేనన్న మాట ఇది:

"బటన్ నొక్కేవాడివి బటన్ నొక్కు."

బాబాయి వంగి పెట్టె తీసుకున్నాడు. టైలరమ్మ రెండు తూటాలు వేసుకుని మళ్ళీ నిలబడింది. నా మాటే నమ్మింది. ఇంకాస్త ముందుకి పెట్టింది.

ఫిబ్రవరి 9

వెళ్ళలేదు. జలుబు.

ఫిబ్రవరి 10

జలుబు.

ఫిబ్రవరి 12

జలుబు లేదని మా ఆవిడకి మొదటి రోజే తెలుసు. ఇవాళ ఆటో పిలిచి, నన్ను ఎక్కించి, తానూ ఎక్కింది. కళ్ళ ఆసుపత్రి దగ్గరే దిగాం.

డాక్టరమ్మ నా చేతికి ఒక గళ్ళ కాగితం ఇచ్చి, కుడి కంటితో మధ్యలో ఉన్న చుక్కని చూసి గళ్ళు ఎలా ఉన్నాయో చెప్పమంది.

"చుక్క ఎక్కడుంది?" అని అడిగాను.

ఆవిడ కాగితం తీసేసుకుంది. మా ఆవిడ కిటికీ వైపు తిరిగింది.

కుడి కన్ను నడిమి చూపు పోయింది. ఇక రాదు. ఎడమ కన్నులోనూ మొదలైంది. నెలకోసారి కంట్లోకి సూదిమందు ఎక్కిస్తే ఉన్నది నిలబడవచ్చు. "ఆరు నెలల ముందు వచ్చి ఉంటే కుడిదీ దక్కేదేమో. గీతలు వంకరగా కనబడలేదా మీకు?" అంది.

"గమనించలేదు," అన్నాను.

"ఏం పని చేస్తారు?"

"రిటైరయ్యాను."

మా ఆవిడ అప్పుడు తిరిగి చూసింది.

ఫిబ్రవరి 13

బాగా ఆలోచించాను. ఇప్పుడు చెబితే టైలరమ్మ కుప్పకూలిపోతుంది. ఎంపికకి నెల రోజులే ఉంది. కోచ్ మీద నమ్మకం పోతే ఇక మిగిలేదేమీ లేదు. మార్చి 16 అయ్యాక చెబుతాను. ఈలోపు ఎటు తప్పిందన్న మాట తగ్గించి, నిలబడటం, ఊపిరి, చెంప ఆనించడం, వీటి మీద దృష్టి పెడతాను. ఇది ఆమె మంచికే.

ఫిబ్రవరి 14

మా ఆవిడ అడిగింది: "ఆ అమ్మాయికి చెప్పారా?"

సమయం చూసి చెబుతానన్నాను.

"ఆ అమ్మాయి మంచికేనా మీరు ఆగింది?"

ఈ డైరీ చదివిందా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. చదవదు. చదవాల్సిన అవసరం లేదు ఆవిడకి.

ఫిబ్రవరి 17

మబ్బుగా ఉంది. నల్ల పిట్ట, బూడిదరంగు ఆకాశం.

మొదటి మూడు స్టేషన్లలో ఆమె ఏమీ అడగలేదు. నేనూ ఏమీ చెప్పలేదు. బాగానే గడిచిపోతోందనుకున్నాను. నాలుగులోకి వచ్చింది. పుల్ అంది. బాబాయి వదిలాడు. పేలింది.

ఆమె తల తిప్పింది. తప్పినప్పుడే తిప్పుతుంది కదా.

"వెనక," అన్నాను.

ఖాళీ తూటా కింద పడిన చప్పుడు వినబడింది. చెవుల మీది డిప్పలు తీసి చేత పట్టుకుంది.

"సార్. అది పగిలింది."

బాబాయి నేలకేసి చూస్తున్నాడు.

"నాలుగులో వారం తర్వాత ఇవాళే ఒక్కటి పగిలింది. చూశారా అని మీ వైపు తిరిగాను."

ఏదో ఒకటి అనొచ్చు. ముక్క ఎగిరిందంతే, వెనక అంచుకి తగిలింది, అందుకే వెనకన్నాను అని. ఆ మాటలు నోటి దాకా వచ్చాయి కూడా. వాటిని నమ్మించగలను.

వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను. "నాకు కనబడటం లేదమ్మా," అన్నాను. కుడి కన్ను సంగతి, ఎడమ కన్ను సంగతి, డాక్టరమ్మ చెప్పినది, అన్నీ చెప్పాను.

"ఎప్పట్నుంచి?"

"జనవరి నుంచి. అంతకు ముందు నుంచేనేమో."

"డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్ళారు?"

"ఐదు రోజులైంది."

ఆమె వేళ్ళు కదిలాయి. లెక్కపెట్టుకుంటోంది. "అంటే ఇందాక తెలిసే చెప్పారు."

"తెలిసే చెప్పాను."

తుపాకీని విరిచి, గొట్టాలలోకి చూసి, సంచిలో పెట్టింది. జిప్పు నెమ్మదిగా లాగింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. సంచి భుజానికి తగిలించుకుని అంది:

"నా దగ్గర కుట్టు తప్పు పడితే విప్పి మళ్ళీ కుడతాను సార్. గుడ్డ పాడవదు. ఇప్పుడు చేతికి పడిపోయిన ఈ అలవాటుని ఎలా విప్పమంటారు?"

జవాబు చెప్పే లోపలే వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 18

రాలేదు.

ఫిబ్రవరి 19

రాలేదు.

ఎడమ కంటికి మొదటి సూది. నొప్పి లేదు. సూది వస్తున్నట్టు తెలియడమే కష్టం. మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. పెళ్ళయిన కొత్తలో కూడా నలుగురిలో అలా పట్టుకున్న మనిషి కాదు.

ఫిబ్రవరి 21

మెషిన్ గదికి వెళ్ళాను. నాలుగు మెట్లు దిగాలి, మూడోది కనబడలేదు. బాబాయి పరుగున వచ్చి మోచెయ్యి పట్టుకున్నాడు. గ్రీజు చేతులు. నా చొక్కాకి అంటుకున్నందుకు నొచ్చుకున్నాడు.

"ఆ రోజు నేనన్న మాట..." అన్నాను.

"పోనీండి సార్."

"పోనీకు. తప్పు మాట. నువ్వు చూసిందే నిజం."

అతను స్ప్రింగు తుడుస్తూ, "నేను ఆ రోజే ఆ అమ్మాయికి గట్టిగా చెప్పాల్సింది. మీరు కోచ్ కదా, నేనెవర్ననుకున్నా," అన్నాడు.

ఆమె వెనక నిలబడమని అడిగాను. ఎటు తప్పిందో అతను చెప్పాలి.

"నాకు పాఠం చెప్పడం రాదు. కనబడేది చెబుతానంతే."

"అంతే కావాలి," అన్నాను.

ఫిబ్రవరి 22

టైలరమ్మ షాపుకి వెళ్ళాను. ఒక మెషిను, గోడకి ఒక అద్దం, తాడు మీద కుట్టడం పూర్తయిన బట్టలు. ఆమె ఆడపడుచు బల్ల దగ్గర గుండీలు కుడుతోంది. నన్ను చూసి, "వదినా, మీ సార్," అని లేచి లోపలికి వెళ్ళిపోయింది. విషయం ఇంట్లో తెలిసిందన్నమాట.

ఆమె అంచు కుడుతోంది. తల ఎత్తలేదు. మెషిను ఆగేదాకా నిలబడ్డాను. కుర్చీ ఉంది. కూర్చోమనలేదు, నేనూ కూర్చోలేదు.

బాబాయి ఒప్పుకున్నాడని చెప్పాను. నేను రేంజికి రానన్నాను. కమిటీకి కూడా ఉన్నదున్నట్టు చెబుతానన్నాను.

దారం పంటితో తెంపింది. "మా ఆయన వెళ్ళొద్దంటున్నాడు. ఇన్నేళ్ళూ బస్సు డ్యూటీ మార్చుకుని మరీ నన్ను దింపిన మనిషి. 'నీ కష్టంతో ఆడుకున్నాడు ఆయన' అంటున్నాడు."

"నిజమే."

"నిజమే అనేస్తే సరిపోతుందా సార్?"

"సరిపోదు."

మళ్ళీ గుడ్డ మెషిను పాదం కింద పెట్టింది. కానీ తొక్కలేదు. "రేపొస్తాను. మీరు రావద్దని నేననలేదు. బెంచీ మీద కూర్చోండి. కానీ ఎక్కడ పోయిందని మిమ్మల్ని అడగను. ఇక ఎప్పుడూ అడగను."

ఫిబ్రవరి 23

పదహారు. తప్పినవన్నీ ముందు. బాబాయి ప్రతిసారీ ఒకటే మాట: "ముందు." ఆమె ప్రతిసారీ తలూపింది. నేను నా బూట్లు చూసుకుంటూ కూర్చున్నాను.

ఫిబ్రవరి 27

కళ్ళు మూసుకుని విన్నాను. మెషిన్ చప్పుడుకీ తుపాకీ చప్పుడుకీ మధ్య ఎడం ఎక్కువగా ఉంది. పాతరోజుల్లో ఆమె పిట్ట లేచాక 'ఒకటి' అనేలోపు పేల్చేది. ఇప్పుడు ఒకటీ రెండూ దాకా ఆగుతోంది. ఆ ఎడంలోనే కొలుస్తోంది.

అడగకుండా మాట్లాడవచ్చో లేదో తెలియలేదు. రౌండు అయ్యాక బాబాయితో చెప్పాను, ఆమెకి వినబడేలా: "ఆలస్యంగా పేలుతోంది. ముందు ఎంత అన్నది మర్చిపోయి, పిట్ట మూతి, ఆ ముందంచు చూసి కొట్టేస్తే బాగుంటుంది."

తర్వాతి రౌండు ఇరవై.

మార్చి 4

కమిటీ కార్యదర్శికి అన్నీ చెప్పాను. కన్ను గురించి చెప్పినప్పుడు జాలిపడ్డాడు. ఫిబ్రవరి 12కీ 17కీ మధ్య సంగతి చెప్పినప్పుడు జాలి ఆగిపోయింది. అలా ఆగడమే న్యాయం. కోచ్ పదవికి రాజీనామా రాసిచ్చాను. కాగితం మీద సంతకం ఎక్కడ పెట్టాలో ఆయనే వేలు పెట్టి చూపించాడు.

మార్చి 11

ఇరవై రెండు. జనవరి నాలుగున ఎక్కడ ఉందో అక్కడికి వచ్చింది. రెండు నెలలు తిరిగి, బయల్దేరిన చోటికి. మిగతా వాళ్ళు ఈ రెండు నెలలూ ముందుకి నడిచారు.

మార్చి 16

ఎంపిక. ఐదు రౌండ్లు, నూట ఇరవై ఐదు పిట్టలు. నేను వెళ్ళలేదు. ఆమె రమ్మనలేదు. రేడియో పెట్టుకుని కూర్చుని ఒక్క ముక్క వినలేదు.

సాయంత్రం బాబాయి ఫోన్ చేశాడు. ఇరవై రెండు, ఇరవై మూడు, ఇరవై ఒకటి, ఇరవై నాలుగు, ఇరవై రెండు. మొత్తం నూట పన్నెండు. మూడో స్థానం నూట పదమూడుకి పోయింది.

"నాలుగులో తప్పినవి?" అన్నాను.

"మూడో రౌండులో నాలుగో స్టేషన్లో రెండు పోయాయి సార్." కాస్త ఆగి, "రెండూ ముందే," అన్నాడు.

అవి నావి.

మార్చి 18

టైలరమ్మ ఇంటికి వచ్చింది. మా ఆవిడ కుర్చీ వేసి, టీ పెట్టడానికని లోపలికి వెళ్ళింది. లోపల గిన్నె చప్పుడు కూడా లేదు.

"ఒక్కటి సార్," అంది.

"నాదే."

"మీదే," అంది.

ఓదార్పు మాట ఒక్కటీ లేదు. అనుంటే నేను తట్టుకోలేకపోయేవాణ్ణి. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. చూపుడు వేలి మీద సూది గుచ్చిన మచ్చలు నాకు కనబడవు, ఉన్నాయని తెలుసు.

"తుపాకీ ఆదివారం అప్పగించాలట. సంచికి పట్టీ తెగిపోయింది, కుట్టి ఇస్తాను."

"ఆదివారం నేనొస్తాను కమిటీకి."

"ఎందుకు?"

"చెప్పాల్సింది ఉంది."

"నా కోసం బతిమాలొద్దు సార్."

"బతిమాలను. జరిగింది చెబుతానంతే."

టీ తాగి వెళ్ళింది. గుమ్మం దగ్గర మా ఆవిడతో, "సూదికి నెలనెలా తీసుకెళ్తున్నారా?" అని అడగడం వినబడింది.

మార్చి 22

కమిటీ ముందు నిలబడ్డాను. ఏడుగురున్నారట, నేను ముఖాలు పోల్చుకోలేదు, కుర్చీల వైపు తిరిగి చెప్పాను. జనవరి నాలుగు నుంచి ఏ రోజు ఎంత కొట్టిందో, నేనేం చెప్పానో, ఈ డైరీ పట్టుకెళ్ళి మా ఆవిడ చేత చదివించాను. "ఇది ఆమె మంచికే" అని నేను రాసుకున్న వాక్యం కూడా. ఆవిడ గొంతు అక్కడ ఒక్కసారి ఆగింది, మళ్ళీ సాగింది.

"ఆమె మూడోసారి తప్పిందని రాసుకోకండి. రెండుసార్లు తప్పింది. మూడోసారి నేను తప్పించాను," అన్నాను.

మమ్మల్ని బయట కూర్చోబెట్టారు. గంటన్నర. నలుగురు అటు, ముగ్గురు ఇటు. తుపాకీ ఒక ఏడాది ఆమె దగ్గరే ఉంటుంది. నేను రేంజిలో ఎవరికీ కోచ్‌గా నిలబడకూడదు. రెండూ సరైనవే.

ఆమె నాకు దండం పెట్టలేదు, థాంక్స్ చెప్పలేదు. బాబాయితో, "రేపు ఏడింటికి," అంది.

మార్చి 23

ఏడింటికి వెళ్ళాను. బయటి మనుషులు కూర్చునే బెంచీ మీద, కంచె ఇవతల.

మొదటి మూడు స్టేషన్లు శుభ్రంగా గడిచాయి. బాబాయి 'ఊఁ' అంటున్నాడు, అంటే పగిలినట్టు. నాలుగులో మొదటిదానికి ఊఁ వినబడలేదు.

ఐదేళ్ళ అలవాటు. ఆమె తల నేరుగా నా వైపే తిరిగింది. ముఖం నాకు కనబడలేదు, తిరిగిందని మాత్రం తెలిసింది. నేను పెదవి కదపలేదు. అలా ఎంతసేపు ఉందో చెప్పలేను, ఒక తూటా తీసి వేసుకునేంత సేపు.

తర్వాత ఆ తల నెమ్మదిగా బాబాయి వైపు తిరిగింది.

"ఎక్కడ బాబాయ్?"